క్రేనెక్కిన మర్యాద

"ఒక్కటంటే ఒక్క మెయిలు రాశాను. మా వియ్యంకుడి ఫార్వర్డులు ఠక్కున ఆగిపోయాయి!" అన్నాడు క్రేన్ పెద్దాయన.

సెలూన్‌లో మధ్య కుర్చీ ఎప్పుడూ ఆయనదే. మెడ దాకా తెల్లగుడ్డ, రెండు చెంపలకీ నురగ, ఎదురుగా నిలువుటద్దం. అద్దంలో తన మొహం చూసుకుంటూ చెప్పాడు కాబట్టి ఆ మాట అందరికంటే ముందు నమ్మింది కూడా తనే. అంత ఘనకార్యం చేసినవాడి మొహం వెలిగిపోవాలా వద్దా? నురగ లేనిచోటల్లా కందగడ్డలా ఉంది.

జీవితమంతా ఓడరేవులో క్రేను నడిపిన మనిషి. రిటైరై కిందికి దిగాడే గానీ ఆయన మాటలింకా ఆ ఎత్తునుంచే వస్తుంటాయి. పెట్టె ఎత్తిన రోజు ఓడ ఎత్తానంటాడు, ఓడ ఎత్తిన సంగతి ఎవరైనా నమ్మితే సముద్రం కూడా కొంచెం లేచిందంటాడు. వినేవాళ్ళకి అదో కాలక్షేపం.

ఆ ఆదివారం మాత్రం కోతల వెనక నిజమైన మంట ఉంది. మధ్యాహ్నం కూతురూ అల్లుడూ, వియ్యంకుడూ వియ్యపురాలూ భోజనానికి రావాలి. పెళ్ళయ్యాక రెండిళ్ళవాళ్ళూ ఒకచోట కూర్చుని తినడం ఇదే మొదలు. కుర్చీలు చాలవని పక్కింట్లోంచి తెచ్చి వేశారు కూడా. తీరా పొద్దున్నే కూతురు ఫోన్ చేసింది. "మామయ్యగారు రారట నాన్నా. ఒంట్లో బాగోలేదంటున్నారు. బాగానే ఉన్నారు, ఇందాకే మొక్కలకి నీళ్ళు పోశారు. మీ ఇద్దరి మధ్యా ఏం జరిగిందో నాకు తెలీదు. ఏదైనా సరే, సరిచెయ్యి. ఈ ఇంట్లో తిరగాల్సింది నేను."

ఆ ఆఖరి మాట చెవిన పడ్డప్పటి నుంచీ పెద్దాయనకి ఇంట్లో కాలు నిలవలేదు. గడ్డం వంక పెట్టుకుని బయటపడ్డాడు. "ఆయన రాకపోతే మీకూ ఇవాళ భోజనం లేదు" అని భార్య గేటు దాకా వచ్చి మరీ చెప్పి పంపింది.

"అయినా పెద్దాయనా, ఏం మెయిళ్ళండీ అంతగా?" అన్నాడు బెంచీ మీద వంతు కోసం కూర్చున్న టైలర్. ఎవరేం చెప్పినా నోరు తెరుచుకుని వినే మనిషి. అలాంటివాడు ఒకడు లేకపోతే ఏ కోతా ముందుకి సాగదు.

"ఏం మెయిళ్ళా! పొద్దున లేవగానే ఒక గులాబీ. గులాబీ కింద శుభోదయం. శుభోదయం కింద 'ఇది పదిమందికి పంపండి, లేకపోతే అరిష్టం' అని బెదిరింపు. పూలు చేతికిచ్చి బెదిరించేవాణ్ణి ఎక్కడైనా చూశావా నువ్వు? కాసేపటికి ఇంకోటి. ఉల్లిపాయ ముక్క మేజోడులో పెట్టుకుని పడుకుంటే గుండెజబ్బు రాదట. రాదయ్యా, ఆ కంపుకి ఏదీ రాదు, పెళ్ళాం కూడా రాదు! మధ్యాహ్నానికి తప్పిపోయిన పిల్లవాడి ఫొటో. ఎన్నేళ్ళనుంచి తిరుగుతోందో ఆ ఫొటో! ఆ పిల్లవాడికి ఈపాటికి పెళ్ళయి పిల్లలు కూడా పుట్టుంటారు, మా వియ్యంకుడి దగ్గర మాత్రం ఇంకా తప్పిపోయే ఉన్నాడు!"

"కదలకండి బాబాయ్, చేతిలో కత్తి ఉంది" అన్నాడు సెలూన్ ఆసామి.

"నువ్వు గీసుకో, నేను మాట్లాడుకుంటాను."

"వద్దని చెప్పెయ్యొచ్చుగా?" అన్నాడు టైలర్.

పెద్దాయన గిర్రున తిరిగాడు. కత్తి గాల్లో ఆగింది. "ఎవరితో చెప్పాలి? వియ్యంకుడితోనా? స్నేహితుడైతే తిట్టేస్తాం. తమ్ముడైతే ఫోన్ పెట్టేస్తాం. నీ కూతురు ఎవరింట్లో ఉందో ఆ ఇంటి పెద్ద నీకు గులాబీ పంపితే, 'నీ గులాబీ నువ్వే ఉంచుకో' అని అనగలవా? బ్యాంకు మేనేజరుగా చేసి దిగినాయన. 'ఫోన్లో కబుర్లు కుర్రాళ్ళకి బావగారూ, పెద్దవాళ్ళకి మెయిలే మర్యాద' అంటాడు. ఆ మర్యాద తెరిచీ తెరిచీ నా చూపుడువేలు అరిగిపోయింది!"

మూలన స్టూలు మీద కూర్చున్న, అందరూ జెండా అని పిలిచే మనిషి చిన్నగా దగ్గాడు. రేవులో క్రేను కింద నిలబడి జెండాలు ఊపి పెద్దాయనకి సైగలు చేసినవాడు. ఆ పనిలో నోటితో అవసరం లేదు కాబట్టి, రిటైరయ్యాక కూడా నోటిని పెద్దగా వాడడు.

"మొదట్లో నేను మర్యాదగానే ఉన్నాను" అందుకున్నాడు పెద్దాయన. "మా రేవులో ఒక పద్ధతుంది. కిందవాడు సైగ చేస్తే పైనున్నవాడు హారన్ కొట్టాలి. అందింది అని. కొట్టకపోతే కిందవాడి ప్రాణం గాల్లో ఉంటుంది. ఆ అలవాటు కొద్దీ నేను ప్రతి మెయిలుకీ 'అందింది' అని జవాబు కొట్టాను. గులాబీ అందింది. ఉల్లిపాయ అందింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? 'నా మెయిళ్ళన్నీ శ్రద్ధగా చదివేది మీ నాన్నగారొక్కరే' అని మా అమ్మాయితో అని మురిసిపోయాట్ట! రోజుకి నాలుగొచ్చేవి పదయ్యాయి, పది పాతికయ్యాయి."

"అయ్యో!" అన్నాడు టైలర్.

"అప్పుడు మర్యాదలో రెండో మెట్టెక్కాను. 'కళ్ళు లాగుతున్నాయి బావగారూ, తెర చూడొద్దన్నారు డాక్టరు' అని రాశాను. మర్నాడు పొద్దున్నే వచ్చింది, కంటికి వ్యాయామాలు, బొమ్మలతో సహా! ఊళ్ళో ఉండటం లేదన్నాను. ప్రయాణంలో తీసుకోవలసిన జాగ్రత్తలు వచ్చాయి. కంప్యూటరు నెమ్మదించిందన్నాను. దాన్ని వేగం చెయ్యడానికి చిట్కాలొచ్చాయి, అవి తెరుచుకోవడానికి మధ్యాహ్నమయింది. ఒళ్ళు మండిపోయి చచ్చిపోయానని రాద్దామనుకున్నాను. దానికీ ఏదో ఒక చిట్కా పంపుతాడని ఊరుకున్నాను!"

సెలూన్ ఆసామి నవ్వుతూ కత్తి పక్కన పెట్టాడు. నవ్వుతూ గడ్డం గీసే రకం కాదతను.

వినేవాళ్ళు నవ్వేసరికి పెద్దాయనకి ఊపొచ్చింది. కోపం ఎలాగూ ఉంది. ఇక ఆయన్ని పట్టుకునేవాడు లేడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? మెయిళ్ళు బరువెక్కడం మొదలెట్టాయి. నవ్వకు, క్రేను నడిపినవాణ్ణి, బరువు సంగతి నాకు చెప్పకు. ఒకరోజు గులాబీ విచ్చుకునే వీడియో ఒకటి పంపాడు. రేకు రేకుకీ కంప్యూటరు మూలుగుతోంది. నాలుగో రేకు దగ్గర బల్ల కాలు ఫట్‌మని విరిగింది. ఇటుకలు పెట్టాను. ఇటుకలు పొడైపోయాయి. నేల పగిలి, బల్లతో సహా కంప్యూటరు కింద వాటాలోకి దిగబడింది! కింద వాటావాళ్ళు పడుకుని ఉన్నారు, వాళ్ళ మంచానికీ కంప్యూటరుకీ మధ్య జానెడు కూడా లేదు. తాడు కట్టి, ఈ రెండు చేతులతో పైకి లాగాను. లాగుతుంటే కూడా ఆగలేదయ్యా గులాబీ, విచ్చుకుంటూనే ఉంది!"

"మరి కింద వాటావాళ్ళు ఏమన్నారు?"

"ఏమంటారు? గులాబీ బాగుంది, మాకూ ఫార్వర్డ్ చెయ్యమన్నారు! అదీ లోకం. ఆ రోజు నిర్ణయించుకున్నాను. తిట్టకూడదు. నొప్పించకూడదు. కానీ ఆ మనిషి మళ్ళీ జన్మలో ఫార్వర్డ్ బటన్ మీద వేలు పెట్టకూడదు. అలాంటి ఉత్తరం రాయాలి. తలుపులేసుకుని కూర్చున్నాను. ఒక్క సంబోధనకే ఒక పగలంతా పట్టింది. 'మహారాజశ్రీ బావగారి దివ్యసముఖానికి' అని మొదలెట్టి, 'మీరు పంపే పూల పరిమళం నా పేద ముక్కు భరించలేకపోతున్నది, తప్పు పూలది కాదు, ముక్కుదే' అని రాశాను. తెలుగులో ఉన్న మర్యాదంతా ఊడ్చి అందులో పోశాను. చుట్టుపక్కల వీధుల్లో మూడు రోజులు ఎవరికీ మర్యాద దొరకలేదు, పాలవాడు కూడా 'ఒరేయ్' అనే పిలిచాడు అందర్నీ!"

"అబ్బ!" అన్నాడు టైలర్.

"పంపించు అని నొక్కాను. పోలేదు. మళ్ళీ నొక్కాను. కదల్లేదు. ఎందుకు పోలేదో తెలుసా? మర్యాద బరువు! తీగ మోయలేకపోయింది. ఏం చెయ్యాలి? సరాసరి రేవుకెళ్ళాను. నా పాత క్రేను అక్కడే ఉంది, నన్ను చూడగానే మెడ కొంచెం వంచింది కూడా. ఉత్తరాన్ని కొక్కేనికి తగిలించాను. ఎక్కాను. ఎత్తాను. మొత్తం రేవంతా పని ఆపి చూస్తోంది. క్రేను గజగజలాడుతోంది, ఒక వైపు చక్రాలు నేల మీంచి లేచిపోయాయి, నేను ఇంకో వైపుకి ఒరిగి కూర్చుని నా ఒంటి బరువుతో దాన్ని నిలబెట్టాను. గింగిరాలు తిప్పి, సముద్రం మీదుగా, మా వియ్యంకుడి ఇంటి దిక్కుకి విసిరాను! కావాలంటే అడుగు, జెండా కింద నిలబడి సైగలు చేశాడు. సాక్షి ఎదురుగానే ఉన్నాడు!"

అందరూ జెండా వైపు చూశారు. జెండా స్టూలు మీద కొంచెం సర్దుకున్నాడు.

"చూశావా, కాదనలేదు! ఉత్తరం వెళ్ళి ఆయన కంప్యూటర్లో పడింది. చదివాడు. మొదటి వాక్యానికి చెమ్మగిల్లాడు. రెండో వాక్యానికి లేచి నిలబడ్డాడు. చివరికొచ్చేసరికి వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. 'ఇంత మర్యాదస్థుణ్ణా నేను ఉల్లిపాయలతో కొట్టింది' అని! అక్కడితో ఆగిందా? ఆ ఉత్తరాన్నే తనకి తెలిసినవాళ్ళందరికీ ఫార్వర్డ్ చేశాడు. వాళ్ళూ ఏడ్చి మానేశారు. వాళ్ళు పంపినవాళ్ళు మానేశారు. దేశాలకి దేశాలు మానేశాయి! సముద్రంలో ఓడ కెప్టెన్లు పొద్దున్నే గులాబీ రాక, తెల్లవారిందో లేదో తెలియక లంగరేసుకుని కూర్చున్నారు. మెయిలు కంపెనీ పెద్దాయన నాకే ఫోన్ చేశాడు. 'అయ్యా, మా వ్యాపారం పడిపోయింది, ఫార్వర్డ్ బటన్ ఎవరూ నొక్కడం లేదు, పీకెయ్యమంటారా' అని. పీకెయ్ అన్నాను! ఇవాళ ప్రపంచంలో ఎక్కడా ఒక్క ఫార్వర్డ్ లేదు. ఒక్కటి! చూపించు చూద్దాం!"

చెయ్యెత్తి అద్దం వైపు చూపించాడు. తెల్లగుడ్డ కిందనుంచి లేచిన ఆ చెయ్యి నిజంగానే క్రేనులా ఉంది. టైలర్ చప్పట్లు కొట్టబోయాడు.

"నాకు పొద్దున్నే వచ్చింది ఒకటి" అన్నాడు జెండా.

టైలర్ చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

"ఏం వచ్చింది?" అన్నాడు పెద్దాయన.

"ఫార్వర్డు. మీ వియ్యంకుడి దగ్గర్నుంచే. పెళ్ళిలో నా మెయిలడ్రసు కూడా రాసుకున్నాడు కదా, అప్పట్నుంచీ ఆ లిస్టులో నేనూ ఉన్నాను." జెండా ఒక్కో మాటా లోపల్నుంచి వెతికి తీస్తున్నట్టు మాట్లాడాడు. "నన్ను సాక్షి అన్నావు కాబట్టి చెబుతున్నాను. ఆ రోజు నేను ఏ క్రేను కిందా నిలబడలేదు. నువ్వు రాసింది నేను చూశాను. ఆయనొక్కడికే పంపబోయి లిస్టులో ఉన్నవాళ్ళందరికీ పంపావు. అందులో మహారాజశ్రీ లేదు, ముక్కూ లేదు. ఒకటే మాట. ఆపండి."

"అంతేనా?" అన్నాడు సెలూన్ ఆసామి.

"అంతే."

"అయితే ఏం?" పెద్దాయన గొంతు లేచింది. "మన రేవులో ఆపు అంటే ఎవడైనా బాధపడ్డాడా?"

"రేవులో ఎవడూ పడడు. తల మీదికి పెట్టె దిగుతుంటే దయచేసి అంటూ కూర్చోం. అది మనకి తిట్టు కాదు. బ్యాంకులో కూర్చున్నాయనకి అదెలా తెలుస్తుంది? నలుగురి ముందూ చెంప పగలగొట్టావనుకున్నాడు. ఐదు నిమిషాల్లో జవాబిచ్చాడు. అది కూడా మా అందరికీ వచ్చింది. 'క్షమించండి బావగారూ' అని."

ఆ జవాబు పెద్దాయనకి తెలుసు. చదివి, తెర మూసేసి, గెలిచాననుకుని మంచినీళ్ళు తాగాడు. మర్నాడు పొద్దున గులాబీ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఖాళీగా ఉన్న తెర చూసినప్పుడల్లా ఎందుకో కోపమొచ్చేది. ఆ కోపం ఎవరి మీదో తేలక ఇంట్లో అందరి మీదా చూపించాడు.

"ఏమైతేనేం, ఆగాయి కదా!" అని అరిచాడు.

"ఎక్కడాగాయి? అందరికీ వస్తున్నాయి. నీ పేరొక్కటే తీసేశాడు."

ఈ సంగతి మాత్రం ఆయనకి కొత్త. ఇన్నాళ్ళూ వియ్యంకుడు అలిగి అసలు పంపడమే మానేశాడనుకున్నాడు. మానెయ్యలేదు. వరసలో నిలబడ్డవాళ్ళందరికీ ఇచ్చి, తన దగ్గరికొచ్చేసరికి పక్కకి జరిగి వెళ్ళిపోతున్నాడు.

"ఇవాళ ఏం పంపాడు?" అన్నాడు.

"మోకాళ్ళ గురించి. రోజూ కాసేపు వెనక్కి నడిస్తే నొప్పి తగ్గుతుందట."

పెద్దాయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. తెల్లగుడ్డ కిందికి జారింది. ఒక చెంప నున్నగా ఉంది, ఇంకో చెంప మీద నురగ ఎండిపోతోంది. "మోకాళ్ళా? నాకు మోకాళ్ళ నొప్పులని ఆయనకి తెలుసు! పెళ్ళిలో మెట్లెక్కుతుంటే నా చెయ్యి పట్టుకుంది ఆయనే! నా మోకాళ్ళ మెయిలు నీకు పంపుతాడా? నీ మోకాళ్ళకేం, గుర్రంలా ఉన్నావు!"

"నువ్వే ఆపమన్నావు."

"గులాబీలు ఆపమన్నాను! మోకాళ్ళు ఆపమన్నానా?"

"అది నువ్వు రాయలేదు."

"సరే, వాగింది చాలు. అది నాకు ఫార్వర్డ్ చెయ్యి."

"నేను చెయ్యను" అన్నాడు జెండా. "కావాలంటే ఆయన్నే అడుగు."

ఇంత చిన్న మాటకి ప్రపంచమంతా మెయిళ్ళు ఆపించిన వీరుడు తెల్లమొహం వేశాడు. జెండాని ఓసారి, అద్దాన్ని ఓసారి కొరకొరా చూశాడు. కూతురి మాట మళ్ళీ చెవిలో వినిపించినట్టుంది. జేబులోంచి ఫోన్ తీసి, తిట్టుకుంటూ, వియ్యంకుడి నంబరు నొక్కాడు. బెంచీ మీద టైలర్ ముందుకి వంగాడు.

"బావగారూ... నేనేనండీ. ఆరోగ్యం ఎలా ఉంది?... ఆఁ, ఆఁ. అదే చెబుదామని. ఆ రోజు మీకో మాట వచ్చిందట కదా నా దగ్గర్నుంచి. అది మీక్కాదండీ! పైన ట్యాంకు పొంగిపోతోంది, మోటారు ఆపండి అని కింద వాటావాళ్ళకి పంపబోయాను. కంగారులో అటు వచ్చేసింది. అప్పట్నుంచే కంప్యూటరు కూడా పాడైపోయింది, మీ మెయిళ్ళు ఒక్కటీ చూడలేదు. మోకాళ్ళ గురించి ఏదో మంచిది పంపారటగా, మా జెండా చెప్పాడు..."

పొద్దున్నుంచీ చెప్పినవాటిల్లో అన్నిటికంటే చిన్న అబద్ధం అది. అది చెప్పడానికే ఆయన నుదురంతా చెమట పట్టింది.

అటునుంచి ఒక గొంతు గలగలా మొదలై, ఆగకుండా సాగింది. పెద్దాయన "అయ్యో, ఎందుకండీ", "అబ్బే, శ్రమ", "మీ ఇష్టం బావగారూ" అంటూ మధ్యమధ్యలో తలూపుతూ విని, ఫోన్ పెట్టేసి కుర్చీలో కూలబడ్డాడు.

"ఏమన్నారండీ?" అన్నాడు టైలర్.

"వస్తున్నాట్ట."

"మంచిదేగా!"

"ఏం మంచిది!" పెద్దాయన అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "కంప్యూటరు పాడైందన్నానుగా? ఇన్నాళ్ళూ నేను చూడనివన్నీ, మొదటి గులాబీ దగ్గర్నుంచి, ఇంట్లో ప్రింటర్ మీద అచ్చు తీసి తెస్తున్నాట్ట! నా కళ్ళు లాగుతాయని గుర్తుపెట్టుకుని, భోజనాలయ్యాక పక్కన కూర్చుని తనే చదివి వినిపిస్తాట్ట!"

సెలూన్ ఆసామి కత్తి కడిగే నెపంతో గోడవైపు తిరిగాడు. అతని భుజాలు ఊగుతున్నాయి.

"మెయిలైతే తెరవకుండా వదిలెయ్యొచ్చు" అన్నాడు జెండా, స్టూలు మీంచి లేస్తూ. "పక్కన కూర్చుని చదివే మనిషిని ఏ క్రేను పెట్టి ఎత్తుతావు?"

పెద్దాయన అతనివైపు చూడలేదు. జారిన తెల్లగుడ్డ తనే పైకి లాక్కుని మెడకి కట్టుకున్నాడు.

"నవ్వింది చాలు గానీ, ఈ చెంప సంగతి చూడవయ్యా!" అని సెలూన్ ఆసామి మీద విరుచుకుపడ్డాడు. "అవతల వియ్యంకుడొచ్చే వేళయింది!"